సాటి నవలను చదివేటప్పుడు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో ఒక తొలి నవల గురించి నేను రాసిన సమీక్ష మీద పాఠకులు చాలా ప్రశ్నలు పంపారు. ఆ నవలను చదవనివారి కోసం ముందుగా రెండు మాటలు చెప్పాలి. గడియారాలు బాగుచేసి ఇల్లు నడిపిన తండ్రి పోయాక ఆ పనిని పెద్దకూతురు అందుకుంటుంది. ఆమె జీవితాన్ని ఆమె తమ్ముడు మనకు చెబుతాడు. నవలలోని మొదటి రెండు భాగాలను నేను మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాను. మూడో భాగంలో మాత్రం ఆ తమ్ముడు తాను చూసే వీలు గానీ, వినే వీలు గానీ లేని సంగతులను చెబుతున్నాడని అభ్యంతరం తెలిపాను. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువభాగం ఆ అభ్యంతరం గురించే ఉన్నాయి. అసలు నవలలు రాసేవారు సాటివారి నవలను తూచవచ్చునా అని అడిగినవారు కూడా ఉన్నారు. ఒకే అర్థమిచ్చే ప్రశ్నలను కలిపి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నవలలు రాసేవారు ఇతరుల నవలలను మాలాగా కథలో మునిగిపోయి చదవగలరా? లేక పేజీ పేజీకీ తప్పులే కనిపిస్తుంటాయా?

మునిగి చదవగలను గాని, చివరిదాకా అలా ఉండలేను. ఈ నవలలో ఆ మైమరపు దాదాపు నలభై పేజీల వరకు నిలిచింది. అది చిన్న విషయం కాదు, చాలా పుస్తకాల్లో మొదటి అధ్యాయంతోనే అది కాస్తా పోతుంది. ఆ తరువాత నాలోని రాసే అలవాటు నిద్ర లేస్తుంది. ఈ సన్నివేశాన్ని ఇక్కడే ఎందుకు ఆపారు, ఈ మాటను ఈ పాత్ర నోట ఎందుకు పలికించారు, ఇదే నా నవల అయితే ఈ అధ్యాయం ఎక్కడ మొదలయ్యేది అనే ప్రశ్నలు కథతోపాటే నడుస్తుంటాయి. ఒకసారి లేచాక వాటిని మళ్లీ నిద్రపుచ్చడం నాకు చేతకాలేదు.

మీరు తప్పులు కనిపిస్తాయా అని అడిగారు. తప్పు కనిపించడం వేరు, నేనైతే దీన్ని ఇలా రాసేదాన్ని కాదని అనిపించడం వేరు. పైకి ఈ రెండూ ఒకేలా ఉంటాయి; రెండింటికీ చెయ్యి పెన్సిలు మీదికే పోతుంది. మామూలు పాఠకులకు రెండోది పెద్దగా ఉండదు కాబట్టి, వారికి ఒక చోట విసుగు పుట్టిందంటే ఆ విసుగును నమ్మవచ్చు. నా విసుగును మాత్రం నేను వెంటనే నమ్మకూడదు. అది ఎదుట ఉన్న పుస్తకం మీద పుట్టిందా, నా మనసులో నేను రాసుకుంటున్న మరో పుస్తకంతో పోల్చడం వల్ల పుట్టిందా అని తేల్చుకోవడానికి చాలా సమయం పడుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఆ నవల రెండో అధ్యాయంలో తండ్రి మరణం ఒకే ఒక్క వాక్యంలో వస్తుంది. పాత గోడగడియారంలో పట్టు తప్పిన స్ప్రింగును అక్క ఎలా బయటికి తీసిందో, దాని బిగువును ముందుగా వదులు చేయకుండా విప్పితే అది ఎగిరి వేళ్లను ఎలా కోస్తుందో కథకుడు ఒక పేరా నిండా వివరిస్తాడు. ఆ వివరణ మధ్యలో, నాన్న అంతకు ముందురోజే పోయాడని ఒక్క మాట చెప్పి, మళ్లీ స్ప్రింగు దగ్గరికి వెళ్లిపోతాడు. నాకు ప్రాణం చివుక్కుమంది. ఇంత పెద్ద సంగతిని ఇలా దాటేస్తారా అనిపించి, ఆ వాక్యం పక్కన మార్జినులో "ఇక్కడ ఆగాలి" అని పెన్సిలుతో రాసుకున్నాను.

ఇంకో వంద పేజీలు చదివాక ఆ రాత నన్ను ఇబ్బంది పెట్టడం మొదలుపెట్టింది. తల్లి మాట పడిపోవడం, తాను చదువు మానేయడం, అక్కకు కుదిరిన పెళ్లి తప్పిపోవడం, ఇలా తనను బాధపెట్టిన ప్రతి సంగతినీ ఈ కుర్రవాడు ఏదో ఒక చేతిపని మధ్యలోనే చెబుతున్నాడు. చీమ తలంత మరమేకును పట్టకారుతో పట్టుకున్నప్పుడో, గాజుపలకను తుడుస్తున్నప్పుడో తప్ప అతనికి దుఃఖం నోట రాదు. అంటే రెండో అధ్యాయంలోని ఆ వాక్యం రచయిత దాటవేసింది కాదు. ఆ కుర్రవాడు అంతకంటే ఎక్కువ చెప్పలేడు, అంతే. ఆగాలని కోరింది నా చెయ్యి, ఎందుకంటే నా నవలల్లో మరణం దగ్గర నేను ఆగుతాను. వెనక్కి వెళ్లి ఆ మాటలను రబ్బరుతో చెరిపాను. కాగితం మీద వాటి ఒత్తు ఇంకా అలాగే ఉంది.

సమీక్షించే పుస్తకాన్ని నేను రెండుసార్లు చదవడానికి కారణం ఇదే. మొదటిసారి వీలైనంతవరకు పెన్సిలు పక్కన పెట్టి, రెండు మూడు విడతల్లో పూర్తి చేస్తాను. కొన్ని రోజులు విడిచి, రెండోసారి పెన్సిలుతో నెమ్మదిగా చదువుతాను. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలునన్న సామెతను పుస్తకాల విషయంలో కొందరు సంపాదకులు కూడా వాడగా విన్నాను. నవలకు అది వర్తించదు. నవలలో ఒక మెతుకు ఉడికినట్టుందా లేదా అన్నది నూరు పేజీల తరువాత వచ్చే మరో మెతుకును బట్టి తెలుస్తుంది.

ప్రశ్న: ఒకే రంగంలో ఉన్నవారి మధ్య అసూయ సహజం కదా. నవలాకారుల చేత నవలలను సమీక్షింపజేయడం న్యాయమేనా?

అసూయ ఉంటుంది. లేదని చెప్పేవారిని నేను నమ్మను. అయితే అసూయ సమీక్షలో కనబడేది దూషణగా కాదని నా అనుభవం. దూషణను సంపాదకులు పట్టుకుంటారు, పాఠకులూ పట్టుకుంటారు. అసూయ దాగేది కొలత పెట్టి మెచ్చుకోవడంలోనూ, చెప్పవలసిన దాన్ని చెప్పకుండా వదలడంలోనూ.

ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు గుర్తుకొచ్చేది ఇంగ్లండులో రెండు వందల ఏళ్ల కిందట జరిగిన ఒక సంగతి. జేన్ ఆస్టిన్ 'ఎమ్మా' నవల వెలువడినప్పుడు, అప్పటికే కవిగా లోకప్రసిద్ధుడై, పేరు చెప్పకుండా నవలలు కూడా రాస్తున్న వాల్టర్ స్కాట్ దాన్ని 'క్వార్టర్లీ రివ్యూ' పత్రికలో సమీక్షించాడు. సంచిక మీద 1815 అక్టోబరు అని ఉన్నా, అది పాఠకుల చేతికి వచ్చింది 1816 మార్చిలో. సమీక్ష కింద సంతకం లేదు. మామూలు మనుషుల మామూలు జీవితాన్ని ఉన్నదున్నట్టు చూపే కొత్త రకం నవల ఇది అని స్కాట్ సరిగ్గానే గుర్తించాడు. చాదస్తపు పాత్రలను మరీ ఎక్కువసేపు మాట్లాడనిస్తే నిజజీవితంలో లాగే కథలోనూ విసుగు పుడుతుందని కూడా అన్నాడు. మొత్తం మీద అది మర్యాదగల, తెలివైన సమీక్ష. ఆస్టిన్ దాన్ని చదివి 1816 ఏప్రిల్ 1న తన ప్రచురణకర్తకు రాసిన ఉత్తరంలో, 'ఎమ్మా' రచయిత్రికి ఫిర్యాదు చేయవలసిన కారణమేమీ లేదని చెబుతూనే, తన 'మాన్స్‌ఫీల్డ్ పార్క్' నవల ప్రస్తావన పూర్తిగా వదిలివేయడం తనకు బాధ కలిగించిందని రాసింది. ఆమె ముందటి నవలల గురించి కూడా మాట్లాడిన ఆ సమీక్షలో ఆ ఒక్క పుస్తకం లేదు.

పదేళ్ల తరువాత, ఆస్టిన్ చనిపోయిన దాదాపు తొమ్మిదేళ్లకు, 1826 మార్చి 14న స్కాట్ తన సొంత దినచర్య పుస్తకంలో ఆమె నవల ఒకదాన్ని కనీసం మూడోసారి చదివానని రాసుకుని, పెద్ద పెద్ద గర్జనల రచన తానూ చేయగలడు గాని, సాధారణ విషయాలను సాధారణ పాత్రలను ఆసక్తికరం చేసే ఆ సున్నితమైన స్పర్శ తనకు దక్కలేదని ఒప్పుకున్నాడు. స్కాట్‌కు అసూయ ఉందని నేను అనడం లేదు. నన్ను కలచివేసేది మరొకటి. ఈ మాట 1816లో పత్రికలో అచ్చయి ఉంటే ఆమె చదివి ఉండేది. సాటి రచయితకు మాత్రమే తెలిసే సంగతి, అంటే ఆ పని ఎంత కష్టమో, తన చేత ఎందుకు కాదో, అది బహిరంగ సమీక్షలో రాకుండా దినచర్యలో దాగిపోయింది. నవలాకారుల చేత సమీక్షలు రాయించడానికి ఏదైనా మంచి కారణం ఉందంటే, వారు ఆ సంగతిని పదిమందిలో చెప్పగలరని మాత్రమే.

అందుకే నా సమీక్షలో, కథకుడి మాటను చేతిపనితో ముడివేసిన ఆ పద్ధతి నాకు రాదని, రెండు నవలల్లో ప్రయత్నించి విడిచిపెట్టానని రాశాను. అది వినయం కోసం రాసింది కాదు, నిజం కాబట్టి రాశాను. దాని కష్టం తెలియకపోతే పాఠకులు ఆ గుణాన్ని గమనించకుండా వెళ్లిపోవచ్చు.

ప్రశ్న: ఆ నవల రచయితతో మీకు పరిచయం ఉందా? స్నేహితుల పుస్తకాలను మీరు సమీక్షిస్తారా?

పరిచయం లేదు. స్నేహితుల పుస్తకాలను సమీక్షించను, పడనివారి పుస్తకాలను అసలే సమీక్షించను. అమెరికా నవలాకారుడు హెర్మన్ మెల్విల్ 1850 ఆగస్టులో 'లిటరరీ వరల్డ్' పత్రికలో సాటి రచయిత నాథనియల్ హాథార్న్ కథల పుస్తకం గురించి పొంగిపోయి రాస్తూ, తనను వర్జీనియాకు చెందిన ఒక మనిషిగా చెప్పుకున్నాడు, హాథార్న్‌ను ఎన్నడూ చూడలేదని కూడా రాశాడు. ఆ వ్యాసం అచ్చయ్యేసరికి ఇద్దరూ కలుసుకుని పట్టుమని పది పన్నెండు రోజులు. ఆ మరుసటి ఏడాది తన 'మోబీ డిక్' నవలను మెల్విల్ ఆయనకే అంకితమిచ్చాడు. వ్యాసంలోని ప్రేమ నిజమైనదే, నేను దాన్ని ఇష్టంగా చదివాను. అయినా ఆ ముసుగు తెలిశాక అందులోని ప్రతి పొగడ్తను మరోసారి తడిమి చూడవలసి వస్తుంది. ఎంతో బాగా రాసిన పేజీలకు కూడా ఆ ఇబ్బంది తప్పలేదు.

ప్రశ్న: సమీక్షలో కథ ఎంతవరకు చెప్పవచ్చు? మీరు ముగింపును దాచి, అభ్యంతరాన్ని మాత్రం చెప్పారు.

పుస్తకంలో మొదటి పావుభాగంలో తెలిసే సంగతులను స్వేచ్ఛగా చెబుతాను. అక్కడి నుంచి ముందుకు వెళ్లిన కొద్దీ మాట పొదుపు చేస్తాను. రచయిత వాక్యాలను మాత్రం ధారాళంగా ఉదహరిస్తాను. సమీక్షకుడి అభిరుచి మీద పాఠకుడికి నమ్మకం కుదరకపోయినా, ఆ వాక్యాలను చూసి తనంత తాను తేల్చుకోవచ్చు. అమెరికా నవలాకారుడు జాన్ అప్‌డైక్ 1975లో అచ్చయిన తన వ్యాససంపుటిలో సమీక్షకులకు కొన్ని నియమాలు రాశాడు. రచయిత ఏం చేయాలనుకున్నాడో ముందు గ్రహించు, అతను తలపెట్టని దాన్ని సాధించలేదని తప్పుపట్టకు అన్నది వాటిలో మొదటిది. పాఠకుడికి తన అభిప్రాయం తాను ఏర్పరచుకునేంత మేర మూలం నుంచి ఉదహరించమని రెండోది. మొదటి జవాబులో నేను చెప్పిన పెన్సిలు గొడవంతా ఈ మొదటి నియమం చుట్టూ తిరిగేదే.

ప్రశ్న: అది తొలి నవల. కొత్త రచయితను ప్రోత్సహించవలసిన చోట మూడో భాగంలోని లోపాన్ని అంత వివరంగా చెప్పడం అవసరమా?

ఈ ప్రశ్నను చాలామంది అడిగారు, కొందరు కోపంగా అడిగారు. ఆ కోపం నాకు అర్థమైంది. తొలి నవలకు వచ్చే సమీక్షలు చాలా తక్కువ. ఉన్న రెండు మూడింటిలో ఒకటి లోపాన్ని ఎత్తిచూపితే ఆ రచయితకు అది ఎంత బరువో నాకు తెలుసు. నా తొలి నవలకు ఒకే ఒక్క సమీక్ష వచ్చింది. అందులో ఉన్న మంచిమాటలు నాకిప్పుడు ఒక్కటీ గుర్తులేవు.

అయినా చెప్పకుండా ఉండలేకపోయాను. లోపాన్ని దాచిన సమీక్షలో మెప్పుకు విలువ ఉండదు. మొదటి రెండు భాగాలు ఎంత గొప్పగా ఉన్నాయో పాఠకులు నమ్మాలంటే, అన్నిటినీ మెచ్చుకునే మనిషిని కానని వారికి తెలియాలి.

ఇక వివరంగా చెప్పడం గురించి. "ముగింపు తేలిపోయింది", "చివర్లో పట్టు సడలింది" అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు క్రూరంగా తోస్తుంది. అది చదివి రచయిత ఏం చేయాలి? నేను చెప్పింది ఇది: రెండు భాగాల పొడవునా ఈ తమ్ముడు తలుపు సందుల్లోంచి చూసినవి, గోడ అవతలి నుంచి విన్నవి, అక్క చెప్పగా తెలిసినవి మాత్రమే చెబుతాడు, తనకు తెలియనిది వచ్చినప్పుడు తెలియదంటాడు. ఆ తెలియకపోవడమే ఆ నవలకు ఊపిరి. మూడో భాగంలో అక్క మూసిన గదిలో ఒంటరిగా ఫోనులో మాట్లాడిన మాటలు, అవతలి మనిషి ముఖం మీద కదలిన నీడతో సహా, అతని నోట వస్తాయి. ఎలా తెలిశాయో ఎక్కడా చెప్పలేదు. ఊహించుకున్నానని అతను ఒక్క మాట అని ఉంటే ఆ పేజీలన్నీ నిలబడేవి, బహుశా నవల మొత్తంలో అవే ఉత్తమమైన పేజీలయ్యేవి. లోపాన్ని ఇలా చెబితే రచయిత నాతో వాదించడానికైనా వీలుంటుంది.

చిత్తుప్రతిలో నేను "రచయిత తొందరపడ్డారు" అని రాసి, తరువాత కొట్టేశాను. ఆ రచయిత తొందరపడ్డారో, ఆ భాగాన్నే ఐదేళ్లు రాశారో నాకెలా తెలుస్తుంది? నా ముందు ఉన్నది పేజీ. పేజీలో ఏముందో చెప్పడం వరకే నాకు అధికారం. రచయిత మనసులో ఏముంది, ఎంత శ్రమపడ్డారు, ఎవరిని అనుకరించాలనుకున్నారు అన్నవి సమీక్షకులు సులువుగా రాసే మాటలు, అందులోనూ రాసేవారైన సమీక్షకులు మరీ సులువుగా రాసే మాటలు, ఎందుకంటే మా గతానుభవాన్ని మేము ఎదుటివారికి అంటగడతాం. నాకు నా నవలల ముగింపుల దగ్గర తొందరపడిన సందర్భాలు ఉన్నాయి కాబట్టే ఆ మాట కలానికి వచ్చింది.

ప్రశ్న: ఇతరుల నవలను ఇంత దగ్గరగా చదివితే మీ సొంత రచన మీద దాని ప్రభావం పడదా?

పడుతుంది. సమీక్ష రాసే రోజుల్లో నా నవల జోలికి పోను. ఒకసారి పోయాను, ఆ వారం రాసిన పేజీల్లోని వాక్యాల నడక నాది కాదని తరువాత తెలిసి వాటిని పక్కన పెట్టేశాను. ఈసారి జరిగింది వేరే. మూడో భాగం గురించి నా అభ్యంతరాన్ని రాసి పంపించాక, ప్రస్తుతం రాస్తున్న నా చిత్తుప్రతిని తీసి చూస్తే, అందులో కథ చెప్పే ముసలామె తాను పుట్టక ముందు జరిగిన ఒక గొడవను చూసినట్టే వర్ణిస్తోంది. ఆ అధ్యాయాన్ని మళ్లీ రాస్తున్నాను. ఆ కొత్త రచయిత నవల చదవకపోతే అది అలాగే అచ్చుకు వెళ్లేది.

ప్రశ్న: మీ సమీక్ష ఏదైనా పొరపాటని తరువాత తెలిసిన సందర్భం ఉందా?

ఉంది. చాలా ఏళ్ల కిందట ఒక నవలను సమీక్షిస్తూ, కథలో కీలకమైన ఒక ఉత్తరాన్ని ఎవరు రాశారో రచయిత చివరిదాకా తేల్చలేదని, అది నిర్మాణంలో పెద్ద వెలితి అని రాశాను. అభిప్రాయం తప్పయితే సర్దిచెప్పుకోవచ్చు. ఇది సంగతే తప్పు. సమీక్ష అచ్చయిన రెండు వారాలకు ఆ రచయిత నుంచి ఒక కార్డు వచ్చింది. అందులో కోపం లేదు, నింద లేదు. నమస్కారం పెట్టి, ఒక పేజీ సంఖ్య, దాని కింద పై నుంచి ఎన్నో పంక్తి అన్నది, అంతే ఉన్నాయి. పుస్తకం తీసి చూశాను. ఒక పాత్ర అంగడి పద్దుపుస్తకంలో సున్నాలను ఎడమ నుంచి మొదలుపెట్టి చుడుతుందని అక్కడ రాసి ఉంది. ఉత్తరంలోని సున్నాల గురించి అదే మాట అంతకు ముందు నేను చదివి ఉన్నాను. గడువు దగ్గరపడిందని ఆ పుస్తకాన్ని ఒక్కసారే చదివాను. రెండోసారి చదివి ఉంటే ఆ పంక్తి నన్ను దాటిపోయేది కాదు.

పత్రికకు రాసి సవరణ వేయించాను, రచయితకు క్షమాపణ రాశాను. సవరణ లోపలి పేజీలో రెండు పంక్తులుగా వచ్చింది. సమీక్ష చదివినవారిలో దాన్ని ఎందరు చూశారో చెప్పలేను. ఆ రచయిత మరో నవల రాశారు గాని, దాన్ని నేను సమీక్షకు తీసుకోలేదు. తీసుకోవడానికి నాకు మొహం చెల్లలేదు.

అప్పటి నుంచి సమీక్ష పంపే ముందు, అందులో పుస్తకం గురించి నేను చెప్పిన ప్రతి సంగతినీ విడిగా ఒక కాగితం మీద రాసుకుని, దాని పక్కన పేజీ సంఖ్య వేస్తాను. ఈ గడియారాల నవల సమీక్షలో అలాంటివి పద్నాలుగు వచ్చాయి. పన్నెండింటికి పేజీలు దొరికాయి. మిగిలిన రెండింటి కోసం ఒక సాయంత్రమంతా వెతికి, దొరకక, వాటిని సమీక్షలోంచి తీసేశాను.